ఎవరి మెడ పట్టుకొని పాడాలి

జనగామ,
18 జూన్ 2025.

సౌందర్యా,

బాగున్నావా అని అడగను. అడిగితే బాగున్నానని రాస్తావు, నేను నమ్మినట్టు నటించాలి. ఇద్దరికీ ఎందుకా కష్టం.

నువ్వు ఫోన్ మూసేసి మూడు నెలలైంది. మన మహబూబాబాద్ హాస్టల్ గ్రూపులో “నాతో పనున్నవాళ్లు ఉత్తరం రాయండి” అని ఒక్క ముక్క, కింద భూపాలపల్లి దవాఖాన అడ్రసు పెట్టి మాయమయ్యావు. అందరూ నవ్వుకున్నారు. నేను మాత్రం పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు అడిగాను. కౌంటర్లో ఉన్నాయన నన్ను గుర్తుపట్టాడు, మొన్ననే ఆయన ఫోన్‌కి ఛార్జింగ్ పిన్ మార్చాను. “ఫోన్లు బాగు చేసేదానివి, నీకేం పుట్టిందమ్మా ఉత్తరాలు రాసుడు?” అన్నాడు. నా దోస్తుకు ఫోన్ మీద అలిగే హక్కు ఉందని చెప్పి వచ్చాను.

నిజంగానే ఉంది. పెళ్లికి తొమ్మిది రోజుల ముందు ఆ కల్యాణ్ నలభై ఒక్క సెకన్ల వాయిస్ మెసేజ్‌లో పెళ్లి వద్దన్నాడు. నా దుకాణంలో ఒక స్క్రీన్‌గార్డు అతికించడానికి కూడా అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

సరే, ఇక పార్సిల్ సంగతి. బస్సు పార్సిల్‌లో వచ్చిన డబ్బాలో చిన్న టేప్‌రికార్డర్, ఒక క్యాసెట్ ఉంటాయి. రికార్డర్ మా అబ్బాది. మేము పుట్టకముందు గల్ఫ్‌లో నీళ్ల ప్లాంటు కట్టేచోట ఆయన ఎలక్ట్రీషియన్‌గా చేశాడని నీకు తెలుసు. అక్కడి ఇంజనీరు కురోదా సాబ్ జపాన్ మనిషి. పని అయిపోగానే రేకుల షెడ్డు ముందు కూర్చుని ఈ క్యాసెట్టే వేసేవాడట. మూడో పాట వచ్చినప్పుడల్లా ముఖం అటు తిప్పుకునేవాడట. ఇంటికి వెళ్లిపోయే రోజు రికార్డర్, క్యాసెట్ రెండూ అబ్బా చేతిలో పెట్టి జీపెక్కాడు. అన్నీ జపాన్ పాత సినిమాల కాలపు పాటలు, అన్నీ మనసు విరిగినవాళ్లవే అని అబ్బా అంటాడు. ఒక్క మాట తెలియకుండా ఎలా చెబుతావంటే, “మాట తెల్వకున్నా దర్దు తెలుస్తది బేటీ” అంటాడు.

హాస్టల్లో నేను వేస్తే “ఇదేం పిల్లి ఏడుపే” అని దిండు విసిరేదానివి. ఇప్పుడు విను. లోపల రబ్బరు బెల్టు కొత్తది వేశాను. పెన్సిల్ సెల్లులు రెండు పడతాయి.

నీ
గజాలా


భూపాలపల్లి,
6 జూలై 2025.

గజాలా,

డబ్బా చేరింది. పుండు మీద కారం చల్లాలని నీకెవరు చెప్పారు? మనసు విరిగినదానికి మనసు విరిగినవాళ్ల పాటలు పంపే మనిషివి లోకంలో నువ్వొక్కదానివే.

నేను బాగానే ఉన్నాను. నమ్మినట్టు నటించు. గనుల నుంచి షిఫ్టు దిగినవాళ్లు నడుము నొప్పులతో వస్తారు, సూది అంటే చిన్నపిల్లల్లా వణుకుతారు. వాళ్లను బెదిరించి, బుజ్జగించి పొద్దు గడుపుతున్నాను. తోటి నర్సు రాజమణి సిస్టర్ రోజూ టిఫిన్లో నాకో చపాతీ ఎక్కువ తెస్తుంది. ఎందుకని అడిగితే పిండి మిగిలిందంటుంది. మూడు నెలల నుంచి రోజూ ఒక్క చపాతీకి సరిపడా పిండే ఎలా మిగులుతుందో నాకైతే అర్థం కాలేదు. వీళ్లందరికీ సంగతి ఎవరు చెప్పారా అని ఆలోచిస్తే నువ్వే తట్టావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా.

ఇంటికి వెళ్లలేదు. అడగకు.

నీ టేప్‌రికార్డర్‌ను బీరువాలో కింది అరలో పెట్టాను. ఆ అరలో ఒక హెల్మెట్ కూడా ఉంది. కల్యాణ్‌ది. నన్ను బండి మీద తిప్పడానికి తెచ్చి ఇక్కడే వదిలాడు. పారేయడానికి చేతులు రాలేదు, చూడడానికి కళ్లు రాలేదు. రెండూ ఒకదానికొకటి తోడుంటాయి.

సౌందర్య

తా.క.: మూడో పాట విన్నాను. ఒక్కసారే.

మళ్లీ తా.క.: నాలుగుసార్లు. అది పాడినామె ఏమంటోందో కనుక్కో.


జనగామ,
20 జూలై 2025.

సౌందర్యా,

కనుక్కున్నాను. హైదరాబాద్‌లో జపాన్ భాష నేర్పే ఉమ అనే టీచర్ దొరికింది, ఆన్‌లైన్లో. క్యాసెట్ నీకు పంపేముందు ఫోన్లోకి ఎక్కించుకున్న పాట పంపితే వినీవినగానే “ఇది మా అమ్మమ్మల కాలంది. అక్కడ పెద్దవాళ్లకు ఇప్పటికీ నోటికొస్తుంది” అంది. అర్థం చెప్పమంటే మెల్లగా ఒక్కో ముక్కా చెప్పింది. నేను రాసుకున్నది ఇది.

అతను గొడుగు మరిచిపోయి వెళ్లాడు. వాన వచ్చినప్పుడల్లా ఆమె ఆ గొడుగు వేసుకుని బస్సు దిగే చోటికి వెళుతుంది, అప్పజెప్పుదామని. బస్సు వస్తుంది, అతను రాడు. వాన ఆగిపోతుంది. గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని ఇంటికి వస్తుంది. చివరి చరణంలో మళ్లీ మబ్బు పడుతుంది. అంతే, పాట అయిపోయింది.

చదవగానే నీ బీరువాలోని హెల్మెట్ గుర్తొచ్చింది. అది గుర్తొచ్చాక పని సాగలేదు. ఒకాయన స్పీకర్ మార్చమంటే కెమెరా విప్పాను.

ఇంకో సంగతి. ఉమ టీచర్ వాళ్ల బడి ఏటా పాత జపాన్ పాటల పోటీ పెడుతుంది. ఈసారి విడిపోయినవాళ్ల పాటలే పాడాలట. మొదటి మెట్టు రికార్డు చేసి పంపడం, మిషన్ మార్కులు వేస్తుంది. అది దాటితే నవంబర్‌లో హైదరాబాద్‌లో, నలుగురి ముందు. నీ పేరు రాయించాను.

కోపం రానీ. కానీ మీ తండాలో ఏ పెళ్లయినా నీ గొంతు లేకుండా జరిగేది కాదు. హాస్టల్లో బట్టలు ఉతుకుతూ నువ్వు పాడితే పక్క గదుల వాళ్లు నల్లా కట్టేసి వినేవాళ్లు. మార్చి నుంచి నువ్వు ఒక్క ముక్క కూడా పాడలేదని రాజమణి సిస్టర్ చెప్పింది. (అవును, ఆమె ఫోన్ ఇక్కడే బాగు చేయించింది. అవును, నేనే చెప్పాను. నువ్వుగింజ సంగతి నిజమే.)

పాట మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసి పంపుతున్నాను. పాడతావో చింపుతావో నీ ఇష్టం.

గజాలా


కేసముద్రం దగ్గర మా తండా,
మహబూబాబాద్ జిల్లా,
17 ఆగస్టు 2025.

గజాలా,

అడ్రసు చూసి అదిరిపడకు. ఇంటికి వచ్చాను. ఐదు నెలల తర్వాత.

రావడానికి భయపడింది ఎందుకో నీకు ఇప్పుడు చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. మా పెళ్లికూతురు అత్తగారింటికి పోయే ముందు ‘ఢావ్లో’ అనే ఏడుపు పాట పాడుతుందని నీకు తెలుసు. తల్లి, తండ్రి, అన్న, వదిన, ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులు వేసి, ఏడుపునే పాట చేసి పాడాలి. అది ఊరికే రాదు. నన్ను కన్న మా అవ్వ రామి ఆరు నెలలు కూర్చోబెట్టి నేర్పింది. ఎక్కడ గొంతు ఎత్తాలి, ఎక్కడ జారనివ్వాలి, ఎక్కడ ఊపిరి విరగాలి అన్నీ. మొత్తం వచ్చేసింది. తొమ్మిది రోజులు మిగిలి ఉండగా ఆ వాయిస్ మెసేజ్ వచ్చింది. పాట గొంతులోనే ఉండిపోయింది. నోరు తెరిస్తే అదే వస్తుందేమోనని ఏ పాటా పాడలేదు. నాకు ఇక పాట లేదు అనుకున్నాను గజాలా. మనిషి పోయినందుకు కంటే దానికే ఎక్కువ ఏడ్చాను.

పైగా మా ఆడవాళ్లు చాలా రోజులకు కలిసినా మెడలు పట్టుకుని పాడుతూ ఏడుస్తారు. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే అవ్వ లేచి చేతులు చాపింది. నేను పక్కకు తప్పుకుని చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయాను. ఆమె చేతులు కాసేపు అలాగే ఉండి, తర్వాత కిందికి దిగాయి.

మర్నాడు పొద్దున అవ్వ పత్తి చేను నుంచి వచ్చేసరికి నేను మూడో పాట పెట్టుకుని వింటున్నాను. గడప దగ్గరే ఆగిపోయింది. మొత్తం నిలబడి వింది. తర్వాత మా భాషలో అడిగింది, నీకు అర్థమయ్యేలా రాస్తున్నాను.

“గీమె ఎవలి బిడ్డ? ఎవలి మెడ పట్టుకొని ఏడుస్తున్నది?”

ఎవరి మెడా కాదు అవ్వా, మైకు ముందు నిలబడి పాడుతోంది అన్నాను.

“ఒక్కతేనా?”

ఒక్కతే అన్నాను.

అవ్వ నెత్తి మీది గడ్డి కట్ట దించి, కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. “అయ్యో బిడ్డా. ఒక్కతే ఏడ్వద్దు. ఏడ్చేటోళ్లకు ఒక మెడ ఉండాలె. ఆ మెడోళ్లు తిరిగి ఏడ్వాలె. అప్పుడే పాట అయిపోతది. లేకుంటె గట్లనే తిరుగుతుంటది” అంది.

వాన వచ్చినప్పుడల్లా గొడుగు పట్టుకుని తిరిగే ఆమె సంగతి అవ్వకు నేను చెప్పనేలేదు.

మళ్లీ వేయమంది. ఈసారి వేలితో చూపించింది, గొంతు ఎక్కడ జారుతోందో. సరిగ్గా మా ఢావ్లో పాట జారే చోటే గజాలా! ఆ జపాన్ ఆమెకు మా అవ్వ నేర్పినట్టే ఉంది. నాకు తెలియకుండానే నోరు తెరిచాను. తెలియని భాషలో, ఆ జారుడు దగ్గర నా గొంతు దానంతట అది పోయి కూర్చుంది. ఐదు నెలల తర్వాత పాడాను. అవ్వ పొయ్యి ముట్టించడం మరిచిపోయింది.

పోటీకి పంపు. పాడతాను. గెలవాలని ఉంది. ఎందుకో తెలుసా, నా పాటను ఎవడో నలభై ఒక్క సెకన్లలో తీసుకుపోయాడని ఈ తండా అనుకోకూడదు. నేను కూడా అనుకోకూడదు.

సౌందర్య


జనగామ,
2 సెప్టెంబర్ 2025.

సౌందర్యా,

నీ ఉత్తరం అబ్బాకు చదివి వినిపించాను. అయిపోయాక చేతిలోని సోల్డరింగ్ ఐరన్ ఆర్పేశాడు. “కురోదా సాబ్ గూడ ఒక్కడే కూసుంటుండె. నేను పక్కన చాయ్ తాగుకుంట ఉంటి. భుజం మీద చెయ్యన్న వెయ్యకపోతి” అన్నాడు.

నువ్వు రాజమణి సిస్టర్ ఫోన్లో రికార్డు చేసి పంపిన పాట మిషన్‌కు పెట్టాం. డెబ్బై నాలుగు. ఎనభై రావాలి. మిషన్‌కు స్వరం గీత మీద పోతే ఇష్టం, గొంతు జారితే తప్పు కింద కొడుతుంది. సరిగ్గా మీ అవ్వ వేలు పెట్టి చూపించిన చోటల్లా మార్కులు కోసింది. మిషన్ బుర్ర అంతే, నేను రోజూ వాటితోనే కాపురం చేస్తాను కాబట్టి చెబుతున్నాను. గడువు పదిహేను వరకు ఉంది. జారుడు తీసేసి, ఇస్త్రీ చేసినట్టు పాడి పంపు. గేటు దాటాక లోపల మన ఇష్టం.

గజాలా


భూపాలపల్లి,
14 సెప్టెంబర్ 2025.

గజాలా,

ఎనభై ఎనిమిది! ఉమ టీచర్ రాజమణి సిస్టర్ ఫోన్‌కి చేసి చెప్పింది. వార్డులో ఇద్దరు పేషెంట్లు చప్పట్లు కొట్టారు, ఒకాయన సెలైన్ సూది ఉన్న చేత్తోనే కొట్టాడు, తిట్టాను.

ఇల్లు అలకగానే పండగ కాదని నాకూ తెలుసు. ఆ ఎనభై ఎనిమిది పాటను పోయిన ఆదివారం రాజమణి సిస్టర్ ఫోన్లోంచి అవ్వకు వినిపిస్తే, “ఉతికి ఆరేసినట్టున్నది. లోపల మనిషి లేదు” అంది. నవంబర్‌లో మనుషులు వింటారు కాబట్టి మనిషిని మళ్లీ లోపల పెడతాను.

హెల్మెట్ రాజమణి సిస్టర్‌కు ఇచ్చేశాను. ఆమె స్కూటీ మీద నెత్తికి కొంగు చుట్టుకుని వస్తుంది. పెట్టుకుని చూసి, “ఎవలిదే గిది?” అంది. దవాఖానకు వచ్చేవాళ్లు మరిచిపోయింది అన్నాను. ఆమెకు తెలుసు. నవ్వి బెల్టు బిగించుకుంది. నాకు బీరువా తీస్తే ఊపిరి ఆడుతోంది ఇప్పుడు.

నువ్వు హైదరాబాద్ రావాలి. మొదటి వరుసలో కూర్చోవాలి. నీకు ఒక మాట చెప్పాలని ఉంది. మార్చి నుంచి నేను ఎవరినీ నమ్మలేదు. అందరికీ ముందే తెలుసేమో, అందరూ నా ముందు నటించారేమో అని లోపల పురుగు తొలిచేది. నీ ఒక్కదాని మీద మాత్రం ఆ అనుమానం రాలేదు. నోట్లో నువ్వుగింజ నానని దోస్తు ఉండడం ఎంత అదృష్టమో ఈ ఆరు నెలల్లో తెలిసింది.

నీ
సౌందర్య


జనగామ,
25 సెప్టెంబర్ 2025.

సౌందర్యా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. నాలుగు కవర్లు పాడుచేశాను. ఇది ఐదోది.

నాకు ముందే తెలుసు.

ఫిబ్రవరి ఆఖర్లో కల్యాణ్ పగిలిన ఫోన్ తెచ్చి దుకాణంలో ఇచ్చాడు. మీ ఇద్దరికీ పరిచయమైంది కూడా ఆ దుకాణంలోనే కదా, నా దగ్గరికే తెచ్చాడు. డిస్‌ప్లే మార్చి, టచ్ పనిచేస్తోందో లేదో చూస్తుంటే మెసేజ్‌లు వరుసగా వచ్చి పడ్డాయి. ఇంకో అమ్మాయి ఫొటో. ఆ పిల్లతో వాడి నాన్న పెట్టిన ముహూర్తం. దానికి కల్యాణ్ సరే అన్న జవాబు. అప్పటికి నీ పెళ్లికి ఇరవై రెండు రోజులు ఉంది.

మా దుకాణంలో ఒక కట్టుబాటు ఉంది. నేను స్క్రూడ్రైవర్ పట్టిన మొదటి రోజే అబ్బా ఒట్టు వేయించుకున్నాడు. చూసింది మరిచిపో, తీసుకున్నది అప్పజెప్పు. ఫోన్లో సంసారాలు ఉంటాయి, ఒక్క మాట బయటికి పోతే ఒక కొంప కూలుతుంది. పదేళ్లుగా ఎన్ని చూశానో, ఎన్ని మింగానో నాకే తెలియదు. ఊళ్లో వాగుడుకాయనని పేరు, అదంతా దుకాణం బయటి సంగతులు వాగి వాగి లోపలివి కప్పెట్టడానికే.

ఆ రోజు కూడా మింగాను. మాట ఇచ్చాను కదా అనుకున్నాను. వాడే చెబుతాడులే అనుకున్నాను. ఫోన్ తుడిచి వాడి చేతిలో పెట్టాను. నేను చెప్పి ఉంటే ఇరవై రెండు రోజుల ముందే నువ్వే వాడి ముఖం మీద వద్దనేదానివి. చీరలు పంచి, తండా అంతా పిలిచాక కాదు.

మొన్న అబ్బాకు చెప్పాను. తిడతాడనుకున్నాను, ఒట్టు తప్పాలనుకున్నందుకు. తిట్టాడు, తప్పనందుకు. “కాయ్దా దుకాన్‌ది బేటీ. దోస్తీది గాదు. గంత తెల్వదా?” అన్నాడు.

టేప్‌రికార్డర్ నీ బాధకు పంపానని అనుకున్నావు. నా తప్పుకు పంపాను. అడిగే ముఖం లేదు గానీ, పోటీ మాత్రం మానకు.

గజాలా


జనగామ,
20 అక్టోబర్ 2025.

సౌందర్యా,

జవాబు రాలేదు. రాకపోవడమే సరైనది అనుకుంటున్నాను. అయినా పోస్ట్‌మ్యాన్ కనబడితే అడుగుతున్నాను. హైదరాబాద్ నేను రావచ్చా, వద్దా? అంత ఒక్కటి రాయి.

గజాలా


భూపాలపల్లి,
2 నవంబర్ 2025.

గజాలా,

పదహారో తేదీ, ఆదివారం, పది గంటలకు. మొదటి వరుసలో కూర్చో. నేను మాట్లాడను.

సౌందర్య


జనగామ,
19 నవంబర్ 2025.

సౌందర్యా,

నువ్వు పాడుతూ కళ్లు మూసుకున్నావు కాబట్టి, నీకు కనబడనివి రాస్తున్నాను. చింపకుండా దాచుకో.

నీకు ముందు పదకొండు మంది పాడారు. మంచి చీరలు, మంచి ఉచ్చారణ. ఒకబ్బాయి చివరి స్వరాన్ని ఎంతసేపు పట్టాడంటే నా పక్కావిడ నీళ్ల సీసా తీసి సిద్ధంగా పట్టుకుంది. జడ్జిలు ముగ్గురు. మధ్యలో జపాన్ పెద్దావిడ, తెల్ల జుట్టు, ముఖంలో ఏ మార్పూ లేకుండా ఏదో రాసుకుంటోంది. స్టేజీ మీద మైకు దగ్గర తెల్ల గీత గీసి, దాని మీదే నిలబడాలని ఉమ టీచర్ అందరికీ చెప్పింది.

నువ్వు వచ్చావు. నన్ను చూడలేదు. గీత మీద నిలబడ్డావు. మొదటి చరణం ఉతికి ఆరేసినట్టే పాడావు. చక్కగా, ఎనభై ఎనిమిదికి తగ్గకుండా. నా వల్లే దీని పాట చచ్చిపోయిందనుకున్నాను.

అప్పుడు ఆగిపోయావు. వెనక సంగీతం నడుస్తూనే ఉంది. మాటలు మరిచిపోయిందని వెనక ఎవరో గుసగుసలాడారు. నువ్వు గీత దాటావు. మెట్లు దిగావు. ఉమ టీచర్ చెయ్యెత్తి ఆపబోయింది. నువ్వు తిన్నగా నా దగ్గరికి వచ్చి, నన్ను లేపి, నా మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, నా భుజం మీద గడ్డం ఆనించి, రెండో చరణం ఎత్తుకున్నావు.

మైకు లేదు. అవసరం కూడా లేదు. ఆ జారుడు దగ్గర నీ గొంతు ఎలా విరిగిందో బయటినుంచి విన్నవాళ్లు ఏం చెబుతారో గానీ, నాకు నా ఎముకల్లో వినబడింది. నేను బిగుసుకుపోయి నిలబడ్డాను. ఏడిచే అర్హత నాకెక్కడిది అనుకున్నాను. అప్పుడు రెండో చరణానికీ మూడోదానికీ మధ్య, ఊపిరి తీసుకునే సందులో నా చెవిలో అన్నావు చూడు.

“ఏడువే పిల్లా. నువ్వేడ్వకుంటె పాట అయిపోదు.”

ఇక ఆగలేదు. ఎలా ఏడ్చానో నాకే తెలియదు. మాఫ్ చెయ్యమని మా భాషలో అంటూనే ఉన్నాను, నువ్వు జపాన్ భాషలో పాడుతూనే ఉన్నావు. మధ్యలో నీ సొంత భాష కూడా కలిసింది, నేను విన్నాను. చివర్లో మబ్బు పడే మాట దగ్గర నువ్వు నన్ను వదిలావు.

అప్పుడు ఆ పెద్దావిడ లేచింది. కలం కింద పెట్టి మన దగ్గరికి వచ్చింది. నీకు దండం పెడుతుందనుకుంటే, నాకు పెట్టింది. నడుము వరకు వంగి, నాకు! నేనేం చేశానని? మెడ ఇచ్చానంతే. తర్వాత నీ రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ ఏమందో ఉమ టీచర్ నాకు తర్వాత చెప్పింది. “ఈ పాటను నా చిన్నప్పటి నుంచి వింటున్నాను. ఆమె ఇవాళ ఇల్లు చేరింది” అందట.

గీత దాటినందుకు మార్కులు తీయాలని ఒక జడ్జి అన్నాడట. తీశారు కూడా. తీసినా మొదటి బహుమతి నీకే మిగిలింది. అది నాకు మరీ నచ్చింది.

అబ్బాకు మొత్తం చెప్పాను. ఆయన లేచి, దుకాణం ముందు రోడ్డు మీద పోయేవాళ్లందరికీ చాయ్ తాగించాడు. దేనికని అడిగినవాళ్లకు, “మా కురోదా సాబ్ పాట గెలిచింది” అని చెప్పాడు.

మనం బస్టాండ్లో విడిపోయేటప్పుడు కూడా నువ్వు నాతో మాట్లాడలేదు. మాట ప్రకారం. చెయ్యి మాత్రం ఊపావు. దానికి అర్థం ఏమిటో రాయి.

గజాలా


కేసముద్రం దగ్గర మా తండా,
24 నవంబర్ 2025.

నా గజాలా,

చెయ్యి ఊపడానికి అర్థం, బస్సు కదులుతోంది ఎక్కవే అని. అంతకు మించి వెతక్కు. మాట్లాడనని రాశాను కాబట్టి మాట్లాడలేదు. పాడనని రాయలేదు కదా.

నీ మీద కోపం నెల రోజులు నిజంగా ఉంది. నీ ఉత్తరాన్ని చింపబోయి రెండుసార్లు ఆగాను. తర్వాత ఒక పేషెంటు తన భార్యకు చెప్పొద్దని ఒక జబ్బు సంగతి నాతో చెప్పాడు. చెప్పనని మాట ఇచ్చాను. ఇచ్చి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాక నువ్వు ఫోన్ తుడిచి వాడి చేతిలో పెట్టడం కళ్ల ముందు కనబడింది. నువ్వు తప్పు చేశావు. కానీ ఆ తప్పు చేయడానికి ఎంత బరువు మోశావో తెలిసింది. అది చాలు నాకు. ఇక ఆ సంగతి మళ్లీ ఎత్తితే నీ టేప్‌రికార్డర్ బెల్టు తెంపుతాను.

ఇప్పుడు తండా సంగతి. కేసముద్రం స్టేషన్లో దిగి ఆటోలో వస్తుంటే తండా మలుపు దగ్గరే డప్పులు వినబడ్డాయి. ఎవరిదో పెళ్లనుకున్నాను. నాకే! ఉమ టీచర్ తీసిన వీడియో నాకంటే ముందు చేరింది. మా పెళ్లి ఆగినప్పుడు “పిల్లలో ఏదో లోపం ఉండకపోతదా” అని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన గోరీ చిన్నమ్మే అందరికంటే ముందు నిలబడి, ఫోన్ పైకెత్తి పట్టుకుని అందరికీ చూపిస్తోంది. “మా పోరి జపానోళ్లను ఏడిపించింది” అంటోంది. ఎనిమిది నెలల క్రితం ఎవరి పోరినో మరి. మా బాపు జాల్యా నా బ్యాగు తీసుకుని భుజాన వేసుకుని ముందు నడిచాడు. మార్చి తర్వాత ఆయన తల ఎత్తుకుని నడవడం ఇప్పుడే చూశాను. తరిగొప్పుల వైపు కల్యాణ్ వాళ్ల తండాకు కూడా వీడియో చేరిందట. చేరనీ. పాట మొత్తం నాలుగు నిమిషాలు ఉంటుంది, నలభై ఒక్క సెకన్లలో అయిపోదు, ఓపికగా చూడమను.

కొత్త ఫోన్ నంబరు ఈ కాగితం వెనక రాశాను. అయినా ఉత్తరాలు ఆపకు.

అవ్వ బయటికి రాలేదు. డప్పులు ఆగాక లోపలికి వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బహుమతి అద్దం పలక ఆమె ఒళ్లో పెట్టాను. దాని మీద ఏం రాసి ఉందో అడగలేదు. పక్కన పెట్టేసి నా ముఖంలోకి చూసింది.

“ఎవలి మెడ పట్టుకున్నవ్?”

గజాలా మెడ అన్నాను.

“ఆ పిల్ల తిరిగి ఏడ్చిందా?”

ఏడ్చింది అవ్వా, నాకంటే ఎక్కువ ఏడ్చింది అన్నాను.

అవ్వ అప్పుడు చేతులు చాపింది. ఈసారి నేను తప్పుకోలేదు.

“అయితె గెలిచినవ్ బిడ్డా” అంది, నా మెడ చుట్టూ చేతులు వేసి పాట ఎత్తుకుంటూ.

నీ
సౌందర్య